రంగు వేయని చిలప

శశికళ కథ చెప్పమంటే అందరూ ఆమె డాక్టరేట్ దగ్గర మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే అంతా తప్పే. మొదలుపెట్టాల్సింది మాధవరంలో, వాళ్ల నాయన నరసన్న రంగుల తొట్టి దగ్గర.

నరసన్న మగ్గాలకు నూలు రంగు వేసే మనిషి. ఆయన వేసే రంగు నిలవాలంటే నీళ్లలో కాస్టిక్ సోడా కలపాలి. ఎంత తొందర పనైనా సరే, ఒక్క చిలపను, అంటే చుట్టిన నూలు కట్టను మాత్రం రంగు లేని సోడా నీళ్లలో ముంచి, మిగతా చిలపల పక్కనే దండెం మీద ఆరేస్తాడు. "సోడా చేసిన మార్పు సోడాదే. దాన్ని రంగు మీద ఎయ్యగూడదు పాపా" అని కూతురికి చిన్నప్పటి నుంచీ చెప్పాడు. ఆమె విన్నది. విని ఏం లాభం? అంత చదువు చదివి, సరిగ్గా ఆ ఒక్క ముక్కే మరిచిపోయింది.

కడప బయట ఒక పరిశోధనశాలలో శశికళ పని. ఒక జబ్బు క్రిమిలోని ప్రోటీన్‌ను రవ్వ గింజంత స్ఫటికాలుగా పెంచుతుంది. కొన్నింటిని ఆ జబ్బుకు పనికొస్తుందనుకున్న మందులో నానబెడుతుంది, కొన్నింటిని ఊరికే ఉంచుతుంది. రెండు రకాలనూ గడ్డకట్టించి, ఉత్తరాదిలో ఉన్న పెద్ద ఎక్స్‌రే కేంద్రానికి తీసుకెళ్లి కిరణాల ముందు పెడుతుంది. తిరిగొచ్చాక కంప్యూటర్‌లో మందు పట్టినదాని కొలతల్లోంచి పట్టనిదాని కొలతలు తీసేస్తే మిగిలేది తేడా పటం. కొత్తగా ఏదైనా వచ్చి చేరిన చోట ఆకుపచ్చ ముద్ద, ఖాళీ అయిన చోట ఎర్ర ముద్ద కనిపిస్తాయి. వెంట్రుక మందాన్ని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత జరుగుబాటు కూడా ఆ పటానికి దొరికిపోతుంది.

మూడేళ్ల కిందట ఆ ప్రోటీన్‌లో మందు పట్టాల్సిన గుంటలో ఆకుపచ్చ ముద్ద కనిపించింది. మందు అతుక్కుందన్నారు. వ్యాసం అచ్చయింది, డాక్టరేట్ వచ్చింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. నరసన్న వీధి వీధంతా మైసూరుపాకు పంచాడు.

పోయిన నెల ఇంటికెళ్లినప్పుడు పెరట్లో తల తుడుచుకుంటూ దండెం మీద ఆ తెల్ల చిలపను చూసింది. చేతిలో తువ్వాలు అట్లే ఆగిపోయింది. మందు నీళ్లలో కరగదని దాన్ని ఒక ద్రావకంలో కలిపి స్ఫటికాలను నానబెట్టింది కదా. మరి ఉత్త ద్రావకంలో ఒక్క స్ఫటికాన్నైనా నానబెట్టిందా? లేదు. ఆమెకూ తట్టలేదు, పని చేయించిన సార్‌ నారాయణ గారికీ తట్టలేదు, వ్యాసం చదివిన పెద్దలకూ తట్టలేదు.

కడపకు వచ్చి ఆ పని చేసింది. స్ఫటికాలు కిరణాల దగ్గరికి వెళ్లొచ్చాయి. పటం గీస్తే అదే గుంటలో అదే ఆకుపచ్చ ముద్ద. అది మందు కాదు, ద్రావకం.

పరుగున వెళ్లి గురువు నారాయణ గారికి చూపించింది.

"ఈ పని నిన్నెవరు చెయ్యమన్న్యారమ్మా?" అన్నాడాయన.

"ఎవురూ చెయ్యమనల్యా సార్."

"అయితే ఎవరికీ చెప్పబాకు. నీ డాక్టరేట్, నా పేరు, రెండూ ఆ ముద్ద మీదనే ఉండాయి."

ఆ రోజు నుంచి ఎవరైనా "డాక్టర్ గారూ" అంటే ఆమె తల దించుకుని పక్కకు తప్పుకునేది. పోనీ మానేసి పోదామంటే ఎక్కడికి పోతుంది? ఏ గడప తొక్కినా ముందు చూపించాల్సింది ఆ పట్టానే. ఉంటే ఆ అబద్ధంలోనే ఉండాలి, పోతే ఆ అబద్ధంతోనే పోవాలి.

ఇంతలో ఆలూరు నుంచి శ్రావణి అని తెలిసిన పిల్ల సలహా అడగడానికి వచ్చింది. నందికొట్కూరు కాలేజీలో లెక్చరర్‌గా చేరమని ఆ పిల్లకు ఉత్తరం వచ్చింది. రేపే ఆఖరు రోజు. నారాయణ గారేమో అది వదులుకుని తన దగ్గర చేరమన్నాడు. ఆ ముద్దను పట్టుకుని ఇంకా మంచి మందు తయారుచెయ్యాలట, అయిదేళ్ల పని.

"శానా గొప్ప పని అంటాండాడక్కా సార్. ఆ కొలువు వదిలేసి ఈడ చేరమంటావా?"

చేరు అంటే సరిపోయేది. ఆ మాట శశికళ నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల ఉత్తరాన్ని మడత నలగకుండా పుస్తకంలో పెట్టుకుని తెచ్చింది. అది చూసి మాట బయటికి రాలేదు.

"కూచో. ఈడ రెండు కొలతలుండాయి. ఒకటి మందు పట్టింది, ఇంకోటి ఉత్త ద్రావకం పట్టింది. మందు దాంట్లోంచి ద్రావకం దాన్ని తీసెయ్."

శ్రావణి తీసేసింది. తెర మీద గుంట ఖాళీగా ఉంది. తప్పు చేశానేమోనని మళ్లీ మొదటి నుంచి చేసింది.

"ఏమీ ల్యాదే అక్కా."

"ల్యాదు. మూడేండ్ల కిందటా ల్యాదు."

శ్రావణి తెరనూ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఉత్తరం ఉన్న పుస్తకం తీసుకుని నెమ్మదిగా లేచింది. "డాక్టరేట్‌కు మైసూరుపాకు పంచినాడంటివే, మీ నాయనకు తెలుసునా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

శశికళ ఫోన్ తీసింది.

"నాయనా, నేను రంగు లేని చిలప ముంచల్యా."

నరసన్నకు అంతకుమించి చెప్పక్కర్లేకపోయింది. ఏ రంగుల మనిషైనా అడిగేదే అడిగాడు.

"ఆ సరుకు అమ్మేసినావా పాపా?"

"అమ్మేసినా నాయనా. దాంతోనే పట్టా, కొలువూ తెచ్చుకుని మూడేండ్లయింది."