కల్లంలో పెద్దమ్మ బ్యాటరీ

మా పెద్దమ్మకి ఆయాసం. మిరపకాయలంటే ప్రాణం. ఈ రెండూ ఒకే మనిషిలో కాపురం చేయకూడదు, కానీ చేస్తున్నాయి. దర్శి దగ్గర ఆమె చేలో కాయలు కోసి కల్లంలో ఆరబోశారంటే, ఆ ఘాటుకి పైన ఎగిరే కాకులు తుమ్ముకుంటూ పోయి అద్దంకిలో వాలతాయి. సగం తీసేసి నమ్మినా నాకు అభ్యంతరం లేదు. ఆ ఘాటులోనే పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా పాకలో మంచమేసుకుని కూర్చుంటుంది పెద్దమ్మ. తను లేకపోతే కూలీలు ఎర్ర కాయల్లో తెల్లబోయిన తాలు కాయలు కలిపేస్తారని ఆమె భయం.

డాక్టరు రోజుకి రెండుసార్లు మందు ఆవిరి పట్టమని ఒక మిషను రాశాడు. దానికి కరెంటు కావాలి. ఇంట్లో కరెంటు పోతూ ఉంటుంది. కల్లంలో అసలు లేదు. కల్లం వదిలి రమ్మంటే ఆమె రాదు. అందుకని నేనే పట్నం వెళ్లి, బ్రాడీపేట కొట్లలో ఒక బ్యాటరీ, క్లిప్పులున్న చిన్న ఇన్వర్టరు కొనుక్కొచ్చాను. నా తెలివి బయటపడింది అక్కడే. సరిగ్గా పురుగుమందు కొట్టే స్ప్రేయరులో పట్టే సైజు తెచ్చాను. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది కదా అని మురిసిపోయాను. ఏ ఊళ్లోనైనా అరువడుగుతారని తట్టలేదు.

వారం తర్వాత వెళ్లేసరికి పెద్దమ్మ మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని, భుజాలు ఎగరేసి ఊపిరి లాగుతోంది. గొంతులో పిల్లికూతలు. పక్కన మిషను ఉంది, ఇన్వర్టరు ఉంది.

"బ్యాటరీ ఏది పెద్దమ్మా?"

"పక్క చేను వాడు... పట్టుకెళ్లాడు. తామర పురుగు... పడిందంట."

"నీకు ఊపిరాడటం లేదు కదే."

"వాడు అడిగినప్పుడు... ఆడిందిలే."

పరిగెత్తాను. పక్క చేను రైతు వీపున ట్యాంకుతో సాలు మధ్యలో ఉన్నాడు.

"ఇంకో రెండు ట్యాంకులే అన్నా, ఇచ్చేస్తా."

"ముందు అది ఇవ్వరా. ఆవిడకి ఊపిరి అందటం లేదు."

పాపం, అప్పటికప్పుడే ఊడదీసి ఇచ్చాడు. తెచ్చి తగిలిస్తే మిషను రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ఉన్న చార్జింగంతా పురుగుల మీద ఖర్చయింది.

అదృష్టం కొద్దీ మిరప టిక్కీ బస్తాలు వేసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చి ఉంది. పొగ ఆమెకి పడదని ఇంజను ఆపించి, మంచాన్ని పక్కకి లాగి, ట్రాక్టరు బ్యాటరీకి క్లిప్పులు తగిలించాం. మిషను మోగింది. కాసేపటికి భుజాలు కిందకి దిగాయి. మూతికున్న మాస్కు తీయకుండానే చెయ్యెత్తి ఒక కూలీ వైపు చూపించింది. ఎర్ర రాశిలో ఒక తాలు కాయ పడిందట.

"ఇక ఎవరడిగినా ఇవ్వకు" అన్నాను.

"ఇవ్వనని చెప్పడానికి నోరెలా వస్తుందిరా?"

నిజం చెప్పి లాభం లేదని తేలింది. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నాకు చేతనైన పని చేశాను. అది ఆసుపత్రి బ్యాటరీ అనీ, దాంతో మందు కొడితే ఆ మందు పురుగులకి టానిక్కులా పనిచేస్తుందనీ, ఒకాయన చేలో పురుగులు బొటనవేలంత లావెక్కి, మిరప అయిపోగానే ఆయన తలపాగా తిన్నాయనీ చెప్పాను. తలపాగా దగ్గర నవ్వారు. బ్యాటరీని మాత్రం మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.

పది రోజుల తర్వాత వెళ్లాను. బ్యాటరీ నిండుగా ఉంది. పెద్దమ్మ ఊపిరి బాగుంది. మొహం మాత్రం మాడ్చుకుని ఉంది.

"ఒక్కడూ పాకలోకి రావటం లేదురా. ఆ పక్క చేను వాడు కూడా గట్టు మీద నుంచే పలకరించి పోతున్నాడు."

"ఊపిరి పీలుస్తున్నావు కదా, ఇంకేం కావాలి?"

"పీలుస్తున్నాలే. పీల్చి ఎవడితో మాట్లాడను?"

రేపు మళ్లీ బ్రాడీపేట వెళుతున్నాను, ఊరందరికీ ఇవ్వడానికి ఇంకో బ్యాటరీ కొనడానికి. దాని గురించి టీ కొట్టు దగ్గర నోరు విప్పనని పెద్దమ్మ నా చేత ముందే ఒట్టు వేయించుకుంది.