యాదగిరన్న రోల్ సెంటర్

సృష్టికర్త అయిన దేవునికి స్తోత్రం. కంటికి కనబడనిదాన్ని నమ్మడం నాకు ఆదివారపు బడిలో నేర్పించాడు. దాన్ని కొలవడం నేర్పడానికి యాదగిరన్న దగ్గరికి పంపాడు.

నిన్న యూసుఫ్‌గూడలోని మా ఇంట్లో అమ్మ మోకాళ్లకు నొప్పుల మందు రాస్తుంటే ఆ ఘాటు వాసనకు యాదగిరన్న గుర్తొచ్చారు. రిమోట్‌తో నడిపే చిన్న రేసు కార్ల టైర్లకు పట్టు కోసం మేం రాసే ద్రవం అచ్చం అదే వాసన వేస్తుంది. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు నమూనా వాహనాలు చేసే షెడ్డు యాదగిరన్నది. సినిమా ఎడిటింగ్ పని ముగించుకుని, ఈ రేసు కార్ల పని నేర్చుకోవడానికి నేను రోజూ అక్కడికి వెళ్లేవాణ్ణి.

మొదటిరోజే ఆయన చిన్న కారును బల్లమీద పెట్టి పక్కకు ఒరిగేలా నొక్కారు.

"దేని సుట్టు ఒరుగుతుందో జూపెట్టు."

నేను ఒక స్క్రూ మీద వేలు పెట్టాను.

"గాడ ఏం లేదు. అది లెక్కల ఉంటది, ఇనుముల ఉండదు" అని నవ్వారు.

కారు ఒరగడానికి ఇరుసులాంటి ఆ కనబడని బిందువునే రోల్ సెంటర్ అంటారు. చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లు కారు చట్రానికి, అంటే ఛాసిస్‌కు, బిగిసే చోట పలుచని వాషర్లు పెడితే ఆ బిందువు పైకి జరుగుతుంది, మలుపులో కారు తక్కువ ఒరుగుతుంది.

ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక హాల్లో తివాచీ పరిచి పోటీ పెట్టారు. తివాచీని టైర్లు గట్టిగా పట్టుకుంటాయి, కారు ఇట్టే పల్టీ కొడుతుంది. అన్న రెండు రోజులు లెక్కలు వేసి, ముందువైపు రెండు పక్కలా రెండేసి వాషర్లు పెట్టమన్నారు. ఎడమపక్క బిగించాక నాకు ప్రార్థించాలనిపించింది. మిగిలిన రెండు వాషర్లు గుప్పిట్లో ఉండగానే కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అన్నాక అవి చొక్కా జేబులోకి ఎప్పుడు వెళ్లాయో తెలియదు, కుడిపక్క అవి లేకుండానే బిగించేశాను.

ప్రాక్టీసులో కారు కుడి మలుపులన్నీ బాగానే తిరిగింది. ఎడమ మలుపు దగ్గర, బరువు కుడిపక్కన పడగానే, మూడుసార్లూ పల్టీ కొట్టింది. అన్న కారును ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. ఆ ఏడాదే ఆయన చేతులు వణకడం మొదలైంది.

"నా లెక్క దప్పింది శామ్యూలూ. ఇగ నాతోని గాదు. షెడ్డు మూసేస్త."

చెమట తుడుచుకుందామని జేబురుమాలు లాగితే వాషర్లు అరచేతిలో పడ్డాయి. ఫైనల్‌కు పిలుపు వచ్చేసింది. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆయన ఇక పానా పట్టరు.

"అన్నా, లెక్క తప్పలేదండీ. ప్రార్థన చేస్తూ ఇవి పెట్టడం మర్చిపోయాను."

ఆయన వాషర్లను చూశారు, నన్ను చూశారు.

"మొక్కుడు మంచిదే. పానా చేత వట్టుకొని మొక్కుతరా వారీ? మీ దేవుడు సుత ఫికర్ జేసి ఉంటడు, వీడు ఆమెన్ ఎప్పుడంటడా అని!"

కారు విప్పి మళ్లీ బిగించేసరికి ఫైనల్ అయిపోయింది. అందరూ సామాన్లు సర్దుకుంటుండగా ఖాళీ ట్రాక్ మీద నడిపాను. ఎడమ మలుపులో చక్రం లేవలేదు.  మరునాడు అన్న షెడ్డు ఎప్పటిలాగే తెరిచారు.

ఇప్పుడు ఆయన లెక్క చెబుతారు, స్క్రూలు నేను బిగిస్తాను. పని మొదలుపెట్టేముందు ప్రార్థిస్తాను, ముగిశాక ప్రార్థిస్తాను, మధ్యలో వాషర్లు లెక్కపెట్టుకుంటాను. చదువుతున్న మీరూ ఆయన చేతుల వణుకు తగ్గాలని నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. చేతిలో పనేదైనా ఉంటే, అది పూర్తి చేశాకే.