గడులు కొట్టిన ఎర్ర బొమ్మ

రెండు వేల ఆరో సంవత్సరం, మార్చి నెల రెండో గురువారం, పొద్దున పదిన్నర. మేం పనికి పోయిన అరబ్బు దేశంలో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక పెద్దింట్లో నా బామ్మర్ది మూడు నాలుగు వందల ఏళ్లనాటి బొమ్మను తడి స్పాంజితో తుడిచేశాడు. తుడవమన్నది నేను. ఈ మాట ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు.

మాది సీలింగు పని. పైకప్పుకు ప్లాస్టర్‌తో పూలు, తీగలు పోస్తాం. ముందు పువ్వును అట్ట మీద ఎర్ర సుద్దతో చిన్నగా గీసి, దాని మీద గడులు కొడతాం. పైకప్పు మీద అన్నే గడులు పెద్దవిగా కొట్టి, ఒక్కో గడిలో ఉన్నదాన్ని పైకెక్కిస్తాం. పని అయ్యాక అట్ట తుడిచి మళ్లీ వాడతాం. అట్ట దండగ చేసేవాణ్ణి మాలో పనివాడనరు.

ఆ రోజు పని అప్పజెప్పాలి. ఫోర్‌మన్ హైదరాబాద్ మనిషి. "ఒక్క గీత కనబడొద్దు భాయ్, మేడమ్ చూస్తది, యల్లా, జల్ది!" అని కిందికి పోయాడు. పక్క గదిలో బల్ల మీద అట్టకు అంటించిన కాగితం ఉంది. ఎర్ర సుద్ద బొమ్మ. ఒక మగమనిషి, నెత్తిన కొమ్ములు మొలుస్తున్నాయి, వేటకుక్కలు మీదపడి పీకుతున్నాయి. దాని నిండా గడులు. అదే మనిషి, అవే కుక్కలు రంగుల్లో పెద్ద పటమై ఎదురు గోడకు ఉన్నాయి.

"బావా, ఇదెవలది?" అన్నాడు బామ్మర్ది.

"ఎవలదైతేంది? పటమెక్కింది గద. పనైపోయింది. తుడువు."

"కుక్కల్ని మంచిగ గీసిండు బావా."

"నీ పెండ్లికి గీపిస్త తియ్. తుడువు."

నేను బకెట్లు కడుగుతున్నాను. కాసేపటికి, "బావా, గడులు పోయినయ్ గని మనిషి గూడ పోతుండు" అని నవ్వాడు.

ఇంటావిడ ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చి చూసింది. కుర్చీలో కూలబడింది. ఆ కాగితానికి తేమ పట్టిందని అద్దం విప్పించి, బాగుచేసేవాడి కోసం అక్కడ పెట్టిందట. గోడ మీదిది ఉత్త నకలు, అసలు పటం వేరే దేశంలో ఉందట. ఆ పటం వేసినవాడి చెయ్యి తగిలింది ఈ కాగితానికే. కొమ్ములవాడు ఏదో పరాయి దేశపు పాత పురాణంలో వేటగాడు. చూడకూడని దేవతను చూసి జింకైపోతే, సొంత కుక్కలే గుర్తుపట్టక చంపాయట. ఆవిడ చెప్పిందంతా ఫోర్‌మన్ మాకు తెలుగులో చెప్పాడు.

"ఎవరు తుడవమన్నరు?" అన్నాడు.

బామ్మర్ది నా ముఖం చూశాడు. నేను నేల చూశాను.

"నేనే తుడిచిన సాబ్. తెల్వక."

వాడొచ్చి నాలుగు నెలలు. నేను పదకొండేళ్ల నుంచి ఉన్నాను. ఫోర్‌మన్ అక్కడే కాగితం రాసి, వాడు తనంతట తానే చేశాడని చదివి వినిపించి, సాక్షిగా నన్ను వేలిముద్ర వేయమన్నాడు. అప్పటికి నాకు అక్షరం రాదు. చదువు రాక మోసపోయామని చాలామంది చెప్పుకుంటారు. నేను మోసపోలేదు. అర్థమయ్యే వేలు పెట్టాను.

మరుసటి వారం వాడి వీసా రద్దుచేసి పంపేశారు. వ్యాను ఎక్కుతూ, "అక్కకు నేను చెప్పుకుంట తియ్ బావా. నువ్వు నిమ్మలంగుండు" అన్నాడు. మళ్లీ వాడికి ఏ దేశపు వీసా రాలేదు. నా భార్య ఇప్పటికీ వాణ్ణి చేతగానివాడంటుంది. వాడు నవ్వి ఊరుకుంటాడు.

ఆ గదిలో ఆ రోజు ఉన్నది నలుగురం: ఇంటావిడ, ఫోర్‌మన్, నా బామ్మర్ది, నేను. తుడవమన్న మాట విన్నది వాడొక్కడే.