పైకప్పు కింద అతుకు

మా ఆయన కిటికీ గ్రిల్లులు, గేట్లు చేస్తాడు. చుట్టుపక్కల సగం ఇళ్లకు కాపలా ఆయన చేతి ఇనుమే. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. ఆ లోటు తీర్చడానికే వదిన వచ్చిందని మా మరిది వేళాకోళం చేస్తుంటాడు.

ఆ మరిది సరుకుల వ్యాను తోలుతాడు. తారు రోడ్డు మీద జరిగే కార్ల ర్యాలీ పోటీలో ఒక్కసారైనా కారు నడపాలని అతనికి ఎన్నాళ్లనుంచో పిచ్చి. పాత కారొకటి కొని తెచ్చి మా షెడ్డులో పెట్టాడు. వెనక సీట్లు, కింద పరిచిన మ్యాట్లు, తలుపుల అట్టలు, అన్నీ పీకేశారు అన్నదమ్ములు. ఇల్లు పీకి పందిరేయడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూశాను. బ్రేకులు మార్చారు, స్ప్రింగులు మార్చారు. లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కట్టడం మా ఆయన వంతు. కారు పల్టీ కొడితే పైకప్పు నెత్తిన కూలకుండా ఆపేది అదే. పోటీ వాళ్ల తరఫున తనిఖీ ఆయన వచ్చి, లైటు వేసి చూసి, గొట్టాలు తట్టి, స్టిక్కరు అంటించి వెళ్లాడు. మేం చప్పట్లు కూడా కొట్టాం.

ఇంకో వారంలో పోటీ అనగా, పక్క సీట్లో కూర్చుని మలుపులు చదివి చెప్పాల్సిన మరిది స్నేహితుడు బైకు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"నేను చదువుతా బాబాయ్," అంది మా అమ్మాయి. చదువైపోయి ఉద్యోగంలో చేరిన పిల్ల, కానీ భయమన్నది ఎరగదు. మరిది ఎగిరి గంతేశాడు. నా గుండెల్లో రాయి పడింది. పంజరం కట్టింది కన్నతండ్రే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజునుంచి మా ఆయనకు ముద్ద దిగడం లేదు. కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేచిపోతాడు. షెడ్డులో కారు పైకప్పు కేసి చూస్తూ నిలబడతాడు. పిలిస్తే తేలు కుట్టిన దొంగలా మాట్లాడడు. చూసి చూసి ఒక పొద్దున నిలదీశాను.

"చెప్తారా, డాక్టరు దగ్గరికి లాక్కుపోనా?"

"పైన అతుకులు చుట్టూ తిరగలేదే," అన్నాడు నేల చూస్తూ. "గొట్టానికీ పైకప్పుకీ మధ్య వెల్డింగు రాడ్డు దూరలేదు. కిందివైపు అతికి, పైవైపు వదిలేసి రంగు పూసేశా."

"మరి అందరూ ఎలా చేస్తారు?"

"కారు నేలకి కన్నాలు కోసి, పంజరాన్ని కిందికి దించి పైవైపు అతికి, మళ్లీ పైకెత్తి బిగిస్తారు. అంత పనెందుకులే అనుకున్నా. గ్రిల్లుకి గోడవైపు రెండు చుక్కల వెల్డింగు పెట్టి వదిలేస్తాంగా, ఎవరు చూస్తారని. చేతికి అదే అలవాటు."

నాకు ఒళ్లు మండిపోయింది. "గోడ పల్టీ కొడుతుందా అండీ? ఆ కుర్రాడు కూర్చుంటాడన్నప్పుడు కడుపునిండా తిన్నారు. మన పిల్ల అనేసరికి ముద్ద దిగట్లేదా? వాడిని మాత్రం ఓ తల్లి కనలేదా?"

తిట్టినకొద్దీ నాకు భయం పెరిగిందే గానీ తగ్గలేదు. లోపల గదిలో అమ్మాయి కాగితాలు పట్టుకుని గట్టిగా చదువుకుంటోంది. "ఎడమ, బిగుతు మలుపు. ఆ వెంటనే కుడి. అంచున లోయ."

మధ్యాహ్నం మరిది వచ్చాడు, చంకలో రెండు కొత్త హెల్మెట్లతో. మా ఆయన అతన్ని కూర్చోనివ్వకుండానే అంతా చెప్పేశాడు. "ఈసారికి వద్దురా. ఆ పంజరంలో పిల్లని కూర్చోబెట్టలేను. కోసేసి మళ్లీ కడతా."

మరిది హెల్మెట్లు కింద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. షెడ్డులోకి వెళ్లి కారులోకి వంగి, డ్రైవరు సీటు మీది గొట్టాన్ని తడిమాడు. పైవైపుకి వెళ్లిన వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"పక్క సీట్లో మనిషి మొన్న మారాడన్నా," అన్నాడు. "ఈ సీట్లో మొదటినుంచీ నేనే కదా."

మా ఆయన మీద అంతెత్తున లేచిన నాకు కూడా, ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.