గంజి పోసిన డబ్బా

సిరొంచలో కిరాయి జీపు నడిపే గట్టయ్యకు లోకంలో అన్నిటికన్నా రోత ప్లాస్టిక్. అతని జీపు ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లుండే డబ్బా ప్లాస్టిక్‌దే. ఎండలు ముదిరితే చాలు, పగిలేది. అతికించేవాడు, మళ్లీ పగిలేది. "థూ! ఇదొక సామానా?" అని నడిరోడ్డు మీద తిట్టేవాడు. జీపెక్కిన పాపానికి జనమంతా ఆ తిట్లు వినాల్సిందే.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలంలో విసిగి వేసారి చంద్రపూర్ బజారు నుంచి రేకు డబ్బా తెచ్చి బిగించాడు. తళతళలాడింది. మురిసిపోయేలోపే అతుకు దగ్గర కారింది. వాపసు ఇద్దామంటే నామోషీ. కొత్త కుండ కారితే ఇంట్లో ఆడవాళ్లు చేసేదే తనూ చేశాడు, చిక్కటి గంజి పోశాడు. కారడం ఆగింది. కుండలోదైతే మర్నాడు పారబోసి కడుగుతారు. ఈ మహానుభావుడు, ఉంటే ఇంకా గట్టిపడుతుందని అలాగే వదిలేసి పైన నీళ్లు నింపాడు. మూర్ఖత్వానికైనా ఒక హద్దుండాలి. పాత ప్లాస్టిక్ డబ్బా అయితే లోపల కుళ్లుతున్నది బయటికి కనిపించేది, రేకులోంచి ఏం కనిపిస్తుంది?

అంతలో రేగుంట నుంచి కబురొచ్చింది. అతని భార్య సత్తవ్వ తండ్రి జగ్గయ్యకు ప్రాణం మీదికొచ్చింది, బిడ్డను చూడాలంటున్నాడు.

"బస్సుల పోత," అంది సత్తవ్వ.

"ఇంట్ల జీపు పెట్టుకొని బస్సేంది? ఇగ నా డబ్బా పగలది. కూసో."

బస్సు వాళ్ల కళ్లముందే వెళ్లిపోయింది. సగం దారిలో, అడవి మధ్య, జీపు పొగలు కక్కి ఆగింది. చల్లారేదాకా ఆగి గట్టయ్య మూత విప్పాడు. పులిసిన గంజి కంపు గుప్పుమంది. పైపుల నిండా జిగట. వేలు పెట్టి గీకాడు, నోరు పెట్టి ఊదాడు, ఆ రుచికి అక్కడే కక్కుకున్నాడు.

"గంజి పారబొయ్యలేదా?" అంది సత్తవ్వ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని.

అతను జిగట చేతులను చొక్కాకు తుడుచుకున్నాడు. ఆమె జీపు దిగి ఎండలో రేగుంట వైపు నడిచింది.

జీపును అడవిలోనే వదిలి గట్టయ్య నడిచి రేగుంట చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో పాడె కడుతున్నారు. ఏడుస్తూ మామ కాళ్ల మీద పడబోయాడు. సత్తవ్వ అడ్డం నిలబడింది.

"నేనొచ్చెదాక ఆగలేదు. నా పేరు పిలుసుకుంటనే పోయిండట. ఆ పాసిన చేతులతోని మా నాయినను ముట్టకు."