ఖాళీ మెడపట్టీతో వచ్చిన మనిషి

అది 2011. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ పోయే దారిలో, ఒక మందుల షాపును ఆనుకుని నా క్లినిక్ ఉండేది. పశువుల డాక్టరంటే బర్రెలకూ గొర్రెలకూ అనుకునే రోజులు పోయి, చుట్టుపక్కల కాలనీల్లో కుక్కలను పెంచుకోవడం పెరుగుతున్న కాలం. అయినా కుక్కను బయట తిప్పడానికి డాగ్ వాకర్ అనే మనిషిని పెట్టుకోవచ్చని చెబితే మా వైపు నవ్వేవాళ్ళు.

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఇవాళ ర్యాలీ అంటే రేపు రోడ్డు మీద వంటావార్పు. నా క్లినిక్ బల్ల మీద నల్లగొండ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళూ, కోస్తా నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళూ పక్కపక్కనే కూర్చునేవారు. కుక్కల సంగతి మాట్లాడుకున్నంతసేపు బాగానే ఉండేది. ఎవరైనా ఆ రోజు వార్తలు ఎత్తితే మాత్రం అందరూ ఎవరి కుక్క చెవులు వాళ్ళు నిమురుకుంటూ కూర్చునేవారు.

వసుంధర గారు జూలీని తీసుకొచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడది తెనాలి. భర్త ప్రసాదరావు గారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యి, బడంగ్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. ముందటి ఏడు గుండెపోటుతో పోయారు. జూలీ ఆయన పెంచిన లాబ్రడార్. ముందు కాలు మీద ఒకేచోట నాకి నాకి వెంట్రుకలు పోయి, చర్మం ఎర్రగా పుండై ఉంది.

దీన్ని మేం లిక్ గ్రాన్యులోమా అంటాం. ఎలర్జీ వల్ల రావచ్చు, కీళ్ళ నొప్పి వల్ల రావచ్చు. అవేవీ కావని తేలాక మిగిలేది ఒకటే. ఏమీ తోచని కుక్క, దిగులు పెట్టుకున్న కుక్క తన కాలే తను నాక్కుంటుంది. మందు రాసి, పుండు దగ్గరికి నోరు పోకుండా మెడచుట్టూ గరాటులాంటి కాలర్ కట్టాను. తర్వాత అడిగాను.

"బయట తిప్పుతున్నారా అండీ?"

"ఎక్కడమ్మా. నా మోకాళ్ళు చూడండి, గేటు దాకా వెళ్ళి రావడమే గగనం. ఆయన ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే ఇద్దరూ వెళ్ళి ఎండెక్కాక గానీ వచ్చేవారు కాదు. ఇప్పుడిది ఆ టైముకి లేచి, గేటు దగ్గర నిలబడి నా వంక చూస్తుంది. నేనేం చెయ్యను?"

మందు నేనివ్వగలను గానీ, దీనికి కావాల్సింది నడక అని చెప్పాను. నమ్మకమైన మనిషిని వెతుకుదామన్నాను.

ఎవరినైనా సరే మొదట నా క్లినిక్‌కే రమ్మని చెప్పాను. కుక్క ఇంట్లో ఉంటే అది దాని రాజ్యం, అక్కడ దాని తీరు వేరు. క్లినిక్‌లో మనిషీ కుక్కా ఇద్దరూ పరాయి చోట ఉంటారు కాబట్టి అసలు సంగతి తెలుస్తుంది. మొదట వచ్చినతను కుక్కల ట్రైనింగ్ తెలుసన్నాడు. వస్తూనే జూలీ మెడపట్టీ పట్టి గుంజి కూర్చోబెట్టాడు. "చూశారా, ఎట్ల ఇంటదో!" అని మా వంక చూశాడు. జూలీ కూర్చుంది గానీ తోక కాళ్ళ మధ్యకు పోయింది. ఇంకొకతను వాళ్ళ కాలనీ వాచ్‌మన్. కుక్కలంటే భయం లేదంటూనే, జూలీ తుమ్మితే కుర్చీ వెనక్కి పోయాడు. మంచివాడే, కానీ ఈ పని అతనిది కాదు.

నరసింహ ఈ పని కోసం రాలేదు. ఆటో గుద్దేసిన ఒక వీధికుక్కను తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఆర్టీసీ డ్రైవరు. సమ్మెలో బస్సులు ఆగిపోయి, పగలంతా దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాడు. వీధికుక్కకు కట్టు కట్టేదాకా నేల మీదే కూర్చున్నాడు. వసుంధర గారు జూలీతో ఆ పక్కనే ఉన్నారు. జూలీ మెల్లగా వెళ్ళి అతని చేతులు వాసన చూసింది. అతను చెయ్యి చాపలేదు, పిలవలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపటికి జూలీ అతని మోకాలికి ఆనుకుని పడుకుంది.

"కుక్కలు అలవాటా నీకు?" అని అడిగాను. మాదీ నకిరేకల్ దగ్గర పల్లె కాబట్టి అతని మాటతోనే మావాడని తెలిసిపోయింది.

"లేదు మేడం. ఇంట్ల ఎన్నడు సాదలే. ఇది రోడ్డు మీద పడుంటే సూసుకుంట ఎట్ల పోతం?"

విషయం చెప్పాను. రోజూ పొద్దున ఈ కుక్కను తిప్పుతావా అని అడిగాను. అతను వెంటనే ఒప్పుకోలేదు.

"నాకేం తెల్వదు మేడం. చెప్తె నేర్సుకుంట. కానీ ఒక మాట. సమ్మె అయిపోతె డ్యూటీకి పోవాలె. నా పాణమంత ఆడనే ఉంది. పొద్దుగాల లేస్తె కాళ్ళు డిపో దిక్కే పోతున్నయ్. గేటు సందులకెంచి నా బండిని సూసొస్తున్న. దుమ్ము పట్టింది."

వసుంధర గారు అప్పటిదాకా వింటూ ఉన్నారు. ఇక ఆగలేక అడిగేశారు. "మీరు ఉద్యమంలో ఉన్నారుగా బాబూ? మా ఇంటికి రావడానికి మీకు ఇబ్బంది లేదా?"

"ఉన్ననమ్మా. తెలంగాణ రావాలె. అది వేరే ముచ్చట. ఇన్నేండ్లు బస్సు నడిపిన, ఎక్కెటోళ్ళను మీదే ఊరని ఎన్నడు అడగలే. ఇప్పుడెందుకు అడుగుత?"

వసుంధర గారి తమ్ముడు గోపాలం గారు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ నడుపుతారు. ఆయనకు ఇది నచ్చలేదు. నాకు ఫోన్ చేసి, "ఒంటరి మనిషి ఇల్లండీ. ఊరూ పేరూ తెలియనివాడిని, అందులోనూ జెండా పట్టుకుని తిరిగేవాడిని పంపుతారా?" అని నిలదీశారు. ఆయన భయంలో తప్పులేదు. ఆ రోజుల్లో ఎవరి భయాలు వాళ్ళకుండేవి. వారం రోజులు ట్రయల్ వాక్ పెడదామన్నాను. అంటే మొదట ఇంటి ముందు వీధిలోనే తిప్పాలి, వసుంధర గారు గేటు దగ్గర కూర్చుని చూస్తుండాలి. తిరిగొచ్చాక జూలీ పాదాలు, చిగుళ్ళు చూడాలి. పాదం కాలిందా, నోరు ఎండిపోయిందా అన్నది కుక్క నోటితో చెప్పదు, ఒంటితో చెబుతుంది. గోపాలం గారు కూడా రెండుసార్లు వచ్చి చూసి, ఇక అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత నడక దూరం పెరిగింది. దిగులుతో మానేసిన అన్నం జూలీ మళ్ళీ తినడం మొదలుపెట్టింది. పుండు అంచుల్లో కొత్త చర్మం వచ్చింది. వసుంధర గారు అతని కోసం ఇడ్లీ పెట్టి ఉంచేవారు. అతను అరుగు మీదే తిని, శిబిరానికి వెళ్ళేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గోపాలం గారి దగ్గర్నుంచి ఫోన్. గట్టిగా అరుస్తున్నారు. ఆ అరుపుల్లోంచి నాకు అర్థమైంది ఒక్కటే, జూలీ కనిపించడం లేదు. షట్టరు దించి కారులో బడంగ్‌పేట్ వెళ్ళాను. నరసింహ వరండాలో నిలబడి ఉన్నాడు. చేతిలో లీష్ తాడు, దాని చివర ఖాళీ మెడపట్టీ. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"చౌరస్తల ర్యాలీ ఒచ్చింది మేడం. పటాకులు కాల్చిండ్రు. ఒక్క గుంజు గుంజింది, పట్టీ తలకాయలకెంచి జారొచ్చింది. ఉరికిన, అందలే. ఒదులుగుందని నిన్ననే అనిపించింది. బిగిస్తె నొస్తదేమో అని ఊకున్న. తప్పు నాదే."

"తప్పు నాదేనట! లాబ్రడార్ కదా, ఎవడికో అమ్మేసి ఉంటాడు అక్కయ్యా. పోలీసులకి చెబుదాం పద," అన్నారు గోపాలం గారు.

నరసింహ లీష్‌ను చేతికి చుట్టుకుంటూ తల దించుకున్నాడు. కుర్చీలో కూర్చున్న వసుంధర గారు కళ్ళు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగారు.

"అమ్మేసుకున్నవాడు ఖాళీ పట్టీ పట్టుకుని మన గుమ్మంలోకి ఎందుకొస్తాడురా? ఆ పని చేసినవాడైతే ఈపాటికి ఫోనే ఎత్తడు." తర్వాత నరసింహను అడిగారు. "రోజూ దాన్ని ఎటు తీసుకెళ్తారు బాబూ?"

"నేను తీస్కపోనమ్మా. అదే నన్ను తీస్కపోతది. నాదర్‌గుల్ దిక్కు. చిన్న ఇమానాలు దిగుతయ్ సూడు, ఆ కంచె కాడికి. ఆడ తుమ్మచెట్టు కింద కూసుంటది. ఎవలో ఒచ్చేది ఉన్నట్టు సూస్తది. నేను గుంజను. అది లేచేదాంక నేనూ కూసుంట. ఇందాక మొదలు ఆడికే పోయిన. అప్పటికింక రాలే. మీకు చెప్పకుంట ఎతుక్కుంట తిరుగుడు మంచిగ కాదని ఇటొచ్చిన."

వసుంధర గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. మెల్లగా లేచి, "నన్ను అక్కడికి తీసుకెళ్ళండి," అన్నారు.

కారులో ఆవిడ ముందు సీట్లో కూర్చున్నారు. వెనక నరసింహ, గోపాలం గారు చెరో కిటికీలోంచి చూస్తూ వచ్చారు. నాదర్‌గుల్ దగ్గర పైలట్లకు శిక్షణ ఇచ్చే ఎయిర్‌స్ట్రిప్ ఉంది. దాని కంచె పక్క మట్టిదారిలో కారు పోనంటే దిగి నడిచాం. ఆవిడ ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి తమ్ముడి భుజం మీద వేసి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు.

తుమ్మచెట్టు కింద జూలీ ఉంది. ముళ్ళు గీరుకుని చెవి దగ్గర నెత్తురు. ముందు కాళ్ళు చాపుకుని, మేం వచ్చిన దారి వైపే చూస్తూ పడుకుని ఉంది. మమ్మల్ని చూసి తోక ఊపింది. లేచి, మా అందరి వెనకా ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. వచ్చి వసుంధర గారి చీర కుచ్చెళ్ళలో తల పెట్టింది.

ఆవిడ అక్కడే ఒక రాయి మీద కూలబడ్డారు. అదే సమయానికి ఒక చిన్న విమానం మా తలల మీదుగా దిగింది. చక్రాలు నేలకు అలా తాకించి, ఆగకుండా మళ్ళీ పైకి లేచిపోయింది. నేర్చుకునేవాళ్ళు అలాగే దిగుతూ లేస్తూ ఉంటారట.

"ఎన్నిసార్లు రమ్మన్నారో," అన్నారావిడ, తనలో తనే. "వసూ, ఒక్కసారి వచ్చి చూడవే, నేలను ముట్టుకుని ఎగిరిపోతాయి అనేవారు. పొయ్యి మీద పప్పుందనో, బట్టలు నానబెట్టాననో చెప్పేదాన్ని. రేపు వస్తాలెండి అనేదాన్ని. అప్పుడు నా మోకాళ్ళు బాగానే ఉండేవి."

గోపాలం గారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ విమానం ఒక చుట్టు తిరిగి మళ్ళీ దిగేదాకా ఆవిడ జూలీ తల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. తర్వాత కూడా లేవలేదు. ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాం.

తిరిగొచ్చేటప్పుడు క్లినిక్‌లో చెవికి మందు రాసి, మెడపట్టీ సంగతి చూశాను. దిగులుతో జూలీ చిక్కిపోయింది, పట్టీ మాత్రం పాత కొలతలోనే ఉంది. అందుకే జారింది. కుక్క వెనక్కి గుంజితే దానంతటదే కొద్దిగా బిగిసే మార్టింగేల్ కాలర్ ఇచ్చాను. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు అని నరసింహ చేతనే పెట్టించి చూపించాను. గోపాలం గారు అతని దగ్గరికి వచ్చి, "ఇందాక నోరు జారాను," అన్నారు. "నా చెల్లె ఇల్లయితే నేను గంతకంటె ఎక్కువనే అంటుంటి సార్," అన్నాడు నరసింహ.

సమ్మె ముగిసింది. నరసింహ తన బస్సు ఎక్కాడు. ఆ రోజు బస్సును కడిగి దండ వేసిన సంగతి చెప్పడానికే క్లినిక్‌కు వచ్చాడు. మధ్యాహ్నం డ్యూటీ అడిగి వేయించుకుని, పొద్దున నడక మాత్రం మానలేదు. ఆదివారాలు వసుంధర గారు ఆటోలో ముందే వెళ్ళి కంచె దగ్గర కూర్చునేవారు. నరసింహ, జూలీ నడిచి వచ్చేవారు. జూలీ కాలి మీద వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి. కానీ ఆ చెట్టు కిందికి వెళ్ళగానే దారి వైపు చూడటం మాత్రం చివరిదాకా మానలేదని ఆవిడ చెప్పేవారు.

రాష్ట్రం వచ్చాక నరసింహ నల్లగొండ డిపోకు మారిపోయాడు. వెళ్ళేముందు తన స్థానంలో వచ్చే మనిషిని తనే వెతికి, కొన్నాళ్ళు వెంట నడిచి, నాకు చూపించి మరీ వెళ్ళాడు. ఆ తర్వాత రెండేళ్ళకు జూలీ వయసు మీరి పోయింది. నరసింహకు చెప్పడానికి నోరు రావడం లేదని వసుంధర గారంటే, నేనే ఫోన్ చేశాను. అవతల బస్టాండు చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మ పోతుందా మేడం, ఆ కంచె దిక్కు?" అని అడిగాడు.

"పోతున్నది. ఒక్కతే."

"మంచిది. ఈ ఆదివారం నాకు రెస్టు. నేను ఒస్తున్న అని చెప్పు."

ఈ మధ్య కుక్కను తిప్పే మనుషులు ఫోన్లో వెతికితే దొరుకుతున్నారు. నమ్మకమైనవాళ్ళు ఎవరో ఎలా తెలుస్తుందని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. మొదటిసారి మీ ఎదుట నడిపించమని, కుక్క దగ్గరికొచ్చేదాకా ఆగే ఓపిక ఉందేమో చూడమని, వచ్చాక పాదాలు చూడమని చెబుతాను. అవన్నీ చూసినా కుక్క ఒకనాడు చెయ్యి జారవచ్చు. అలాంటి రోజు వస్తే ఈ మనిషి తన దారి తను చూసుకుంటాడా, మీ గుమ్మంలోకి వచ్చి నిలబడతాడా? మాట్లాడుతున్నంతసేపూ ఆ ఒక్కటే మనసులో పెట్టుకోండి అంటాను. వచ్చి నిలబడతాడని అనిపిస్తే లీష్ అతని చేతికివ్వండి.