పురుగుల్లేని ఇంట్లో దోమలబత్తి

ఇంట్లో దోమలబత్తి వెలిగించనివ్వదు మా అత్త మారక్క. ఆ పొగకు పట్టుపురుగులు చస్తాయట. ఆ ఇంట్లో పురుగులు లేక ఏళ్లయింది! దోమలు మాత్రం నన్ను పీక్కుతింటున్నాయి.

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాను. అయినా పట్టుపురుగును కళ్లతో చూసింది లేదు. రొద్దం దగ్గరి ఈ పల్లెకు కాపురానికొచ్చేసరికే నా మొగుడు లోకేష్ మల్బరీ పీకేసి టమేటా పెట్టేశాడు. అత్త నోట మాత్రం ఎప్పుడూ పురుగుల కథలే. పురుగులకు మల్బరీ ఆకు వేశాక గదంతా వాన కురిసినట్టు చప్పుడయ్యేదట. పట్టుగూళ్లు మూటగట్టి హిందూపురం మార్కెట్టుకు పంపిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదట. చేతులు కడుక్కోకుండా ఎవరైనా ఆ గది గడప తొక్కితే ఇప్పటికీ కయ్యిమంటుంది. ఖాళీ గదికి ఇంత మడేమిటని నాకు ఒళ్లు మండేది.

ఈ ఏడు ధర పడిపోయి టమేటా రోడ్డు పాలైంది. అత్తకు సందు దొరికింది.

“మల్లా మల్బరీ పెడదాం రా, లోకేషా. ఒక్క పంటన్నా నా చేత్తో తీసి పోతా.”

“మందులు కొట్టిన నేలమ్మా అది. ఆడ పెరిగిన ఆకు తిని పురుగులు బతుకుతాయా? మట్టి పరీక్ష చేపిస్తా. బాగలేదంటే ఇంక ఆ మాటెత్తొద్దు” అన్నాడు వాళ్లబ్బాయి.

పెనుకొండ నుంచి రంజిత అనే ల్యాబు అమ్మాయి వచ్చింది. గట్టు పక్కనా చెట్టునీడనా వదిలేసి, చేనంతా వంకరటింకరగా తిరుగుతూ జానెడు లోతు గుంతలు తీసి మట్టి పోగుచేసింది. అత్త ఆమెను వదిలితే ఒట్టు.

“ఈడ తీయ్ పాపా, ఈడ మల్బరీ ఏపుగా వచ్చేది.”

“నచ్చిన చోటే తీస్తే ఎట్లవ్వా? చేనంతా కలిపితేనే నిజం తెలిసేది.”

అత్త ప్రతి గుంతలోకీ వంగి మట్టి కెలికి చూసింది. ఒక్క వానపామూ కనిపించలేదు. అప్పుడే ఆమె ముఖం వాడిపోయింది.

ఫలితం చెప్పడానికి రంజిత ఫోన్ చేస్తే స్పీకరు పెట్టాం.

“మట్టిలో మందు ఇంకా ఉండాదవ్వా. ఏమీ కొట్టకుండా జనుము చల్లి, పూతకొచ్చినాక దున్నేయండి. రెండుమూడేండ్లు అట్ల చేసి మల్లా పరీక్ష చేద్దాం.”

“మూడేండ్లా! అంతవరకూ ఎవురుంటారు?” అన్నాడు లోకేష్. అని, నాలుక కరుచుకున్నాడు.

అత్త నవ్వింది. “నేను లేకపోతే ఏమప్పా, పురుగులుంటాయి గదా. జనుము చల్లు.”

లోకేష్ జనుము విత్తనాల కోసం బండి తీశాడు. ఆమె ఖాళీ గదిలోకి పోయి, అటక మీది పురుగులు పెంచే వెదురు తట్టలు దించి తుడవసాగింది. ఇన్నాళ్లూ ఆమెది చాదస్తం అనుకున్నాను. పిచ్చిదాన్ని! పురుగులు తిరిగొస్తాయని ఆమె ఎదురుచూస్తోంది, అంతే.

చీరల కింద దాచుకున్న దోమలబత్తి పెట్టెను తీసుకెళ్లి వీధి చివర చెత్తకుండీలో పారేసి వచ్చాను. ఆ గది గడప దగ్గర నిలబడ్డాను.

“అత్తా, ఆకు ఎట్ల వేస్తారో నాకు నేర్పు.”

ఆమె తల కూడా ఎత్తలేదు.

“ముందు చేతులు కడుక్కోని రా పో.”